గోదావరి బొజ్జ టీవీ

బోధన్‌లో గోదావరికి పొగరుబోతని పేరు. ఆ పేరు పెట్టినవాళ్లలో సగానికి పైగా ఆమె చేత ఎప్పుడో ఒకప్పుడు మాట పడ్డవాళ్లే కాబట్టి, వాళ్ల సాక్ష్యాన్ని కొంత తగ్గించి తీసుకోవాలి. అలాగని పూర్తిగా కొట్టిపారెయ్యడానికీ లేదు. పెళ్లికి ముందు ఆమె బీడీలు చుట్టేది. చుట్టిన కట్టలు తీసుకుపోతే కార్ఖానా మనిషి ఒక్కో కట్టను నొక్కి చూసి, నచ్చనివాటిని విరిచి పక్కన పారేసేవాడు. ఎందుకు పారేశావని అడిగే అలవాటు ఆ వరుసలో కూర్చున్న ఏ ఆడదానికీ లేదు. గోదావరి అడిగింది. "యాడ లూజున్నదో సూపియ్యి సారూ, నేను సుత నొక్కి సూస్త," అంది. ఫలితంగా కొన్నాళ్లు ఆకూ తంబాకూ ఇవ్వకుండా ఆమెను తిప్పారు. తిరిగింది గానీ అడిగిన మాటను మాత్రం వెనక్కి తీసుకోలేదు.

ఆమెను చేసుకున్న లింగం మెత్తనివాడు. తన అన్న దేవిదాస్‌కున్న ట్రాక్టరును నడిపేవాడు. ఆ దేవిదాస్‌కు కోటగిరి దారిలో చెరుకు తోట, బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ యార్డుకు ఎదురుగా ఒక రేకుల గది, ఇంటిల్లిపాది మీదా పెత్తనం ఉన్నాయి. మూడింటిలోనూ ఆయనకు బాగా పంట పండేది చివరిదాంట్లోనే.

సీజను మొదలైందంటే యార్డు నిండా చెరుకు ట్రాక్టర్లే. గేటు దగ్గర కావలి మనిషి ఒక్కో బండికి నంబరు కొట్టిన రేకు బిళ్ల ఇస్తాడు. ఆ నంబరు పిలిచేదాకా కాంటా ఎక్కేది లేదు. పొద్దున వచ్చిన బండికి మర్నాడు పొద్దుటికి పిలుపు వస్తే అదృష్టమే. ఈలోగా ట్రాలీలో చెరుకు ఎండుతుంది, ఎండినకొద్దీ తూకం తగ్గుతుంది, తగ్గినకొద్దీ రైతు డ్రైవరు మీద విరుచుకుపడతాడు. డ్రైవరు బండి వదిలి పోలేడు. పోతే దారినపోయేవాళ్లు గడలు గుంజుకుపోతారు, వరుస జరిగినప్పుడు బండిని ముందుకు తీసేవాడూ ఉండడు. పేకాట వేసుకుంటే పోలీసులు వస్తారు.

ఈ ఖాళీని గోదావరి కనిపెట్టింది. బావను అడిగి రేకుల గది తీసుకుని, ఇంట్లోని పాత టీవీని అందులో పెట్టి, నిజామాబాద్ నుంచి క్యాసెట్ వేసి ఆడే టీవీ గేమ్ డబ్బా ఒకటి తెప్పించింది. రెండు కార్లు, ఒక వంకర టింకర రోడ్డు, ఇద్దరి చేతుల్లో రెండు మీటల పలకలు. మొదట డ్రైవర్లు పిల్లలాట అని నవ్వారు. తర్వాత, ఎంతైనా స్టీరింగు పట్టిన చేతులు కదా, ఊరుకోలేకపోయాయి.

ఆ గదిలో ఒక రివాజు పుట్టింది. ఎవరు మొదలుపెట్టారో ఎవరికీ తెలియదు. ఇద్దరు డ్రైవర్లు గోదావరికి ఆట డబ్బులిచ్చి, తమ బిళ్లలు టీవీ మీద పెట్టి కూర్చుంటారు. వెనక నంబరువాడు గెలిస్తే ముందు నంబరు బిళ్ల వాడిది. ముందు నంబరువాడు గెలిస్తే తన బిళ్ల తనకే, పైగా ఓడినవాడు అతని బండిని కూడా కాచుకుంటూ, జరుపుకుంటూ ఉండాలి. గెలిచినవాడు దర్జాగా ఇంటికి పోయి వేడిగా తిని పడుకోవచ్చు. కావలి మనిషికి బిళ్ల కావాలి గానీ, అది ఏ జేబులోంచి వచ్చిందన్న పట్టింపు లేదు. ఒక్కసారే ఆట. బతిమాలినా రెండో ఆట లేదు. ఆ తీర్పు గోదావరిది.

నిజానికి అక్కడ రోజూ తలలు పగలాలి. అందరూ కోపిష్టి మనుషులే, ఎండకు ఎండి చలికి వణికి చిరాకెత్తి ఉన్నవాళ్లే. కానీ ఏ గొడవా జరిగేది కాదు. తన వేలు తప్పితే తన కారు గోడకు కొట్టుకుంది, అది తన కళ్లముందే జరిగింది, ఇంక ఎవర్ని తిట్టాలి? ఓడినవాడు తలగోక్కుని, బిళ్ల మార్చుకుని లేచిపోయేవాడు. గోదావరికి ఆ గది మీద ఉన్న గర్వమంతా ఈ ఒక్క సంగతి గురించే. తన దగ్గర ఎవరికీ అన్యాయం జరగదని ఆమె పదిమందిలోనూ చెప్పుకునేది. చెప్పుకోవడంలో మొహమాటం ఆమెకు ఎన్నడూ లేదు.

రెండువేల ఏడులో, దసరాకు ముందు ఒక పిడుగు పడి ఆ పాత టీవీ కాలిపోయింది. కొత్తది కొనాలి. అక్కడ మొదలైంది పేచీ.

"దసరా నాడు తెద్దాం. గోడకు తగిలిచ్చేది, సన్నటిది," అన్నాడు దేవిదాస్. "యార్డు మొత్తం నోరు తెర్సుకొని సూడాలె."

"సన్నగున్నదా లావుగున్నదా గాదు బావా. మీట వత్తంగనే కారు తిరుగుతదా లేదా సూడాలె," అంది గోదావరి.

"టీవీ అంటే బొమ్మ వస్తది. బొమ్మ వస్తె కారు తిరగదా? రూం నాది. నాకు నచ్చిందే పెడ్త. నచ్చకుంటె ఇంట్ల కూసొని బీడీలు సుట్టుకో."

మాట అక్కడిదాకా వచ్చింది. ఆ సీజను గది నడిస్తే ఆమె యజమానురాలు, నడవకపోతే మళ్లీ ఒళ్లో బీడీల చాట పెట్టుకుని మెడ వంచాల్సిందే. కార్ఖానా మెట్లు మళ్లీ ఎక్కడం కంటే ఊరి మధ్యలో నిలబడి నలుగురి చేత తిట్లు తినడమే నయమనుకుంది ఆమె. అనుకుని, గేమ్ డబ్బాను సంచిలో వేసుకుని, పిలవకపోయినా బావ వెనకాల నిజామాబాద్ బస్సెక్కింది. లింగం మధ్య సీట్లో కూర్చుని దారిపొడుగునా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు.

నిజామాబాద్ కంఠేశ్వర్‌లో అద్దాల తలుపుల షోరూం. గోడ పొడుగునా రకరకాల టీవీలు, అన్నింటిలోనూ ఒకటే బొమ్మ: నీలం సముద్రం, అందులో రంగురంగుల చేపలు. సన్నటి టీవీలో చేప పొలుసులు కూడా లెక్కపెట్టేటట్టున్నాయి. దేవిదాస్ దాని ముందు చేతులు కట్టుకుని నిలబడిపోయాడు. గుళ్లో కూడా ఆయన అంత భక్తిగా నిలబడగా ఎవరూ చూడలేదు.

"ఇదే," అన్నాడు.

గోదావరి సంచిలోంచి డబ్బా తీసి, సేల్స్‌మన్ రామ్‌దాస్ చేతిలో పెట్టింది. "అన్నా, దీన్ని జర తగిలియ్యి."

రామ్‌దాస్ ఇబ్బందిగా నవ్వాడు. "షోరూంల ఆటలు ఆడనియ్యరక్కా. ఓనర్ కోపం చేస్తడు."

"మేము కొనేది ఆటకే. చేపల్ని సూసెతందుకు గాదు. చీర కొన్నా చేత వట్టి సూస్తం, గిది సూడకుంట ఎట్ల తీస్కపోతం?"

"బొమ్మ కనవడుతుంది గదక్కా."

"కనవడుడు వేరు, ఆడుడు వేరు." అని, గోదావరి ఆ సన్నటి టీవీ ఎదురుగా మెరిసే నాపరాళ్ల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. "తగిలిచ్చిందాంక లేవ."

దేవిదాస్ అటు తిరిగి నిలబడ్డాడు. తనకు ఆమె ఏమీ కాదన్నట్టు. లింగం ఆమె పక్కన కూర్చోవాలో, అన్న పక్కన నిలబడాలో తేలక స్తంభానికి ఆనుకున్నాడు. ఫ్రిజ్ చూడ్డానికి వచ్చినవాళ్లు ఫ్రిజ్ వదిలేసి వచ్చారు. ఒకరిద్దరు "తగిలియ్యరాదయ్యా, ఏం పోతది," అన్నారు. రామ్‌దాస్ మేడ మీద ఓనర్ గది వైపు ఒకసారి చూసి, గొణుక్కుంటూ వైర్లు పట్టుకున్నాడు.

అక్కడున్న టీవీలన్నింటికీ ఒకటే ప్లేయర్ నుంచి బొమ్మ వెళ్తుంది. అతను ఆ ప్లేయర్ వైరు పీకి గేమ్ డబ్బాకు పెట్టాడు. చేపలన్నీ మాయమై, గోడ పొడుగునా ప్రతి టీవీలోనూ అదే రోడ్డు, అవే కార్లు వచ్చాయి. గోదావరి మీట నొక్కింది. మూల కింది వరుసలో, పల్లెటూళ్ల బేరాల కోసం ఉంచిన, వెనక లావుగా ఉబ్బిన పాత రకం బొజ్జ టీవీలో కారు చటుక్కున తిరిగింది. సన్నటిదాంట్లో అదే కారు ఒక్క రెప్పపాటు ఆలోచించుకుని అప్పుడు తిరిగింది. పైగా కారు వెనక చీకటి తోక ఒకటి ఈడ్చుకుంటూ వచ్చింది. ఆమె మళ్లీ నొక్కింది. మళ్లీ అంతే. గుమిగూడినవాళ్లు తలలు అటూ ఇటూ తిప్పి చూసి నవ్వడం మొదలుపెట్టారు.

"నేను రోజు చేపలే సూస్త, గందుకె నాకు సుత ఎరుకగాలె," అన్నాడు రామ్‌దాస్, తనూ వంగి చూస్తూ. "సన్న టీవీ బొమ్మను లోపల సాపు జేసుకొని సూపిస్తదక్కా. గందుకె లేటు. సినిమాకైతె ఫరక్ తెల్వది."

"సూసినవా బావా?"

"సూసిన," అన్నాడు దేవిదాస్. "రెప్పపాటు. దానికింత లొల్లా? లేటయితె ఇద్దరికీ అంతే లేటయితది గద. ఒక్కడికి ఎక్వ, ఒక్కడికి తక్వ లేదు గద."

మాట తర్కంగానే ఉంది. షోరూంలో ఒకరిద్దరు తలలూపారు కూడా. గోదావరి లేచి నిలబడి చీర దులుపుకుంది.

"ఇద్దరికీ లేటయితె చెయ్యి ఎరుకున్నోడు, ఎరుక లేనోడు ఒక్కటైతరు బావా. అప్పుడది ఆట గాదు, లాటరీ. తన చేత్తోని ఓడితె మనిషి ఊకుంటడు. లాటరీల ఓడినోడు నీ అంగి గల్ల వట్టుకుంటడు."

దేవిదాస్ ఆ రోజు సన్నటి టీవీనే కొన్నాడు. నలుగురిలో మరదలి మాటకు తగ్గడం ఆయన వల్ల కాదు. గోదావరి బీడీల నాటి నుంచి దాచుకున్నదంతా తీసి మూలనున్న బొజ్జ టీవీని కొంది. దాన్ని ఎవరూ అడగట్లేదని రామ్‌దాస్ తక్కువకే ఇప్పించాడు. తిరుగు బస్సులో దేవిదాస్ ఒళ్లో అట్టపెట్టె పసిబిడ్డలాగా ఉంది. బొజ్జ టీవీని లింగం భుజం మీద మోసుకొచ్చి సీట్ల మధ్యలో ఇరికించాడు.

సీజను మొదలయ్యేనాటికి రేకుల గది గోడ మీద సన్నటి టీవీ దండతో, కుంకుమబొట్టుతో వెలిగిపోతోంది. బిళ్లలు పెట్టడానికి దాని మీద జాగా లేక కింద ఒక పీట వేశారు. దేవిదాస్ తనే గల్లాపెట్టె దగ్గర కూర్చున్నాడు. ఇంకో గేమ్ డబ్బా ఆయనే తెప్పించుకున్నాడు. గోదావరి రోడ్డుకు ఇవతల ప్రమీలమ్మ చాయ్ హోటల్ పంచలో, గోనెసంచి పరిచి, బొజ్జ టీవీ పెట్టుకుంది. ప్రమీలమ్మ పెద్ద మనసుతో జాగా ఇచ్చింది గానీ నోరు మాత్రం కట్టుకోలేదు.

"ఏందే గోదావరి, నీ టీవీ ముందల ఈగలే ఆడుతున్నయి."

"ఆడనియ్యి పెద్దమ్మా. ఈగలకు సుత ఆడ కన్న ఈడ చెయ్యి మంచిగ సాగుతది."

పైకి అలా అన్నదే గానీ, ఆమెకు లోపల పీకుతూనే ఉంది. యార్డు యార్డంతా రేకుల గది ముందే ఉంది. అక్కడినుంచి కేక వినిపించినప్పుడల్లా ఆమె ఒళ్లు మండేది. రంగులు చూసి ఎగబడే ఈ మగాళ్లందరికీ కళ్లున్నాయి గానీ వేళ్లు లేవని ఆమె ప్రమీలమ్మతో అనేది. ఇంట్లో తోడికోడలు అన్నం వడ్డిస్తూ బీడీల చాట, కత్తెర అటక మీద ఎక్కడున్నాయో అడక్కుండానే చెప్పింది. గోదావరి కంచం ముందు నుంచి లేచి, హోటల్ పంచలోకి వచ్చి టీవీ మీద దుమ్ము తుడిచి, మర్నాడు ఇంకా పెందలాడే కూర్చుంది. ఒక్క మనిషి రాకపోయినా ఆ సీజనంతా అక్కడే కూర్చుంటానని లింగంతో తెగేసి చెప్పింది.

కొద్దిరోజులకు కేకల రకం మారింది. ఓడినవాడు లేవడం లేదు. "నేను వత్తిన, కారు తిరగలె," అంటున్నాడు. గెలిచినవాడు "నీకు రాక ఓడినవ్," అంటున్నాడు. ఒకరోజు చొక్కాలు చినిగాయి. దేవిదాస్ మధ్యలో దూరి, "ఇద్దరికీ ఒకటే టీవీ. ఓడినోడు ఓడిండు, రెండో ఆట లేదు," అని గట్టిగా తీర్పు చెప్పాడు. ఆ మాట ఆయన రోజూ చెప్పాల్సి వస్తోంది.

అప్పుడు వచ్చాడు కాశయ్య. చందూర్ మనిషి, ముసలాయన, అల్లుడి ట్రాక్టరు తోలుతాడు. వేళ్లు వంకర్లు పోయి మీట సరిగా అందదు. ఆయన ఒక్క ఆట గెలవడం కూడా ఎవరూ చూసి ఎరగరు. ఆయన నంబరు చాలా వెనక. లింగం బండి, అంటే దేవిదాస్ చెరుకు, మధ్యాహ్నానికల్లా కాంటా ఎక్కేంత ముందుంది. కానీ తోటలో కోత నడుస్తోంది, అక్కడ లింగం కావాలి. బండి కాచే మనిషి ఒకడు ఊరికే దొరికితే బాగుండునని దేవిదాస్‌కు అనిపించింది.

"కాశయ్యా, మా లింగంతోని ఒక ఆట ఆడు. ఓడితె మా బండి సుత నువ్వే సూడాలె," అన్నాడు.

లింగం వద్దని చెయ్యి ఊపాడు. అన్న వినలేదు. ఆ యార్డులో లింగం చెయ్యి అంత మంచి చెయ్యి ఇంకోటి లేదు మరి.

మొదటి మలుపు దగ్గరే లింగం కారు గోడకు కొట్టుకుంది. అతని వేలు ఎప్పటిలాగే సరిగ్గా సమయానికి పడింది. సమయానికి పడటమే తప్పయింది. కాశయ్య వేలు ఎప్పుడూ ముందే, గుడ్డిగా పడుతుంది. ఆ గుడ్డితనం సన్నటి టీవీ ఆలస్యంతో ఎలా కలిసిందో గానీ కారు మలుపు తిరిగి తిన్నగా పోయి గీత దాటింది. కాశయ్య తను గెలిచానని నమ్మలేక పక్కవాడి మొహం చూశాడు.

ఆ తర్వాత గోదావరి చూసింది ఏమిటంటే, రోడ్డు దాటి బావ ఆమె వైపు దాదాపు పరుగెత్తుకొస్తున్నాడు. గుప్పిట్లో రెండు బిళ్లలున్నాయి. వెనక లింగం, కాశయ్య, వాళ్ల వెనక గదిలోని జనమంతా.

"మల్ల ఆడిపియ్యి," అన్నాడు దేవిదాస్ రొప్పుతూ. "నీ దాని మీద. ఆ టీవీ లేటు చేసింది. లింగం వత్తిండు, నేను కండ్లార సూసిన. కారు తిరగలె."

దసరా నుంచీ గోదావరి ఆశపడింది ఈ మాట కోసమే. ఆ మాటను ఆయన నోటితో ఆయనే, యార్డు జనమంతా వింటుండగా చెప్పాడు. నవ్వొచ్చింది, అంతకు మించి మండింది కూడా.

"అది మనింటి చెరుకు," అన్నాడు దేవిదాస్ గొంతు తగ్గించి. "ఎనక్కి పోతె రేపటికి గానీ కాంటా ఎక్కది. ఎండుతది. ఒక్క ఆట ఆడిపియ్యి. ఇగో, రూం తాళం. ఆ టీవీ ఇంటికి తీస్కపోత, నీది పెట్టుకో. ఇగ నేనా రూం మొకం సూడ."

తాళంచెవి ఆమె ముందు పట్టాడు. ప్రమీలమ్మ గిన్నె పక్కన పెట్టి వచ్చి నిలబడింది. గోదావరి లింగం వైపు చూసింది. ఆ చెరుకు తగ్గితే అన్న తిట్లు తినేది అతనే. లింగం కళ్లు దించుకోలేదు. కాశయ్య వైపు చూసింది. ఆ ముసలాయన అప్పుడే పక్కకు జరిగిపోతున్నాడు, గెలిచింది ఎలాగూ తన చేతికి రాదని తెలిసినవాడిలాగా. కార్ఖానాలో కట్ట విరిస్తే ఆడవాళ్లంతా అలాగే జరిగిపోయేవారు.

"కాకా, యాడికి పోతున్నవ్? గెలిచినోనివి నువ్వు," అంది గోదావరి. "బావా, ముందటి బిళ్ల కాక చేతుల పెట్టు."

"నేను చెప్పేది ఇనవడ్తలేదా? టీవీ లేటు–"

"ఇనవడ్డది. దసరా ముందు నేను చెప్పింది గదే. గీ సీజను నీ టీవీ మీద ఎంత మంది ఓడిండ్రు? వాళ్లల్ల ఒక్కనికన్న మల్ల ఆడిపిచ్చినవా? ఓడినోడు ఓడిండంటివి. వాళ్లకు అదే, మనకు అదే."

"ఇంటోళ్లకన్న ఊరోళ్లెక్వనా నీకు?"

"ఎక్వ గాదు. తక్వ సుత గాదు." ఆమె మొగుడి వైపు తిరిగింది. "లింగం, బండి ఎనక్కి తియ్యి."

లింగం అన్న గుప్పిట మెల్లగా విప్పి, ముందు నంబరు బిళ్ల కాశయ్యకు ఇచ్చాడు. వెనక నంబరు తన జేబులో వేసుకున్నాడు. పుట్టిన తర్వాత అన్న మాటకు ఎదురు నడవడం అతనికి అదే మొదలు. కాసేపటికి దేవిదాస్ చెరుకు ట్రాక్టరు వరుసలోంచి బయటికి వచ్చి, అన్ని బండ్ల పక్కనుంచి, తోక చివరికి పోయింది. దారిలో ఒక్క డ్రైవరు కూడా ఎగతాళి చెయ్యలేదు. ఒకరిద్దరు లింగానికి బీడీ అందించారు.

పంచలో జనం కదలలేదు. ఇద్దరు డ్రైవర్లు ఏమీ అడక్కుండానే గోనెసంచి మీద కూర్చున్నారు. దేవిదాస్ ఇంకా తాళంచెవి పట్టుకునే ఉన్నాడు.

"తీస్కో," అన్నాడు, ఈసారి మామూలు గొంతుతో. "రూం ఖాళీగ ఉండి ఏం జేస్తది?"

"నీ దగ్గర్నే ఉంచుకో బావా," అంది గోదావరి, ఆడేవాళ్ల చేతికి మీటల పలకలు అందిస్తూ. "ఈడ తలుపే లేదు."